వాక్యం కోసం వదిలిన చోటు

ఆనంద్ పాల్ గారి కొండల మీద పంతొమ్మిదేళ్లుగా అక్షరాలు పేరుస్తున్నదాన్ని నేను. నా పేరు వసుమతి. నాంపల్లి స్టేషన్ వెనక సందులో రాజేందర్ గారి ప్రెస్సు ఉంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి పత్రికలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు తయారుచేస్తాను. ఆగస్టు వచ్చిందంటే మాత్రం అవన్నీ పక్కకు పోయి చర్చిల వాళ్ల వాక్యపు క్యాలెండరు పని మొదలవుతుంది. ఒంటి షీటు క్యాలెండరు. కింద పన్నెండు నెలల తేదీలు, వాటి మీద ఒక కొండ బొమ్మ, ఆ కొండ పైన ఆకాశంలో ఆ ఏటి బైబిలు వాక్యం. సికింద్రాబాదు నుంచి మెదక్ దాకా ఎన్ని వంటిళ్లలో ఆ షీటు వేలాడుతుందో నాకు తెలియదు గానీ, ఆ కొండ మాత్రం ఏటా పాల్ గారు తీసిందే.

ఆయన స్టూడియో అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గర, ఒక పాత బిల్డింగు మొదటి అంతస్తులో. బతుకు గడిచేది పాస్‌పోర్టు ఫొటోలతో. "గడ్డం జర పైకి. ఔ, గట్లనే. ఊపిరి బిగబట్టకున్రి." పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇవే మాటలు. పుట్టింది మెదక్‌లో, తండ్రి అక్కడి మిషన్ దవాఖానలో కాంపౌండరు. ఇప్పుడు అరవై మూడేళ్లు. సన్నటి మనిషి, మాట ఇంకా సన్నం. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. మా తాతగారు యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్లతో పాటు ఈ ఊరొచ్చిన గుంటూరు గుమాస్తా. ఊరు మారింది గానీ మా ఇంట్లో నోళ్లు మారలేదు.

మొదటి ఏడు ఆయన తెచ్చిన బొమ్మ చూసి నాకు ఒళ్లు మండింది. ఫ్రేము నిండా కొండే.

"వాక్యం ఎక్కడ పెట్టమంటారు? నా నెత్తి మీదా?" అనేశాను. కొత్త మనిషన్న మొహమాటం కూడా లేకపోయింది.

ఆయన నవ్వాడు. "నిజమే అమ్మా. నేను సోంచాయించలే. వచ్చే సాలు పైన జాగ ఇడిసిపెడ్త."

ఆ ఏడు వాక్యాన్ని కింద ఒక మూల ఇరికించాను. చదవలేకపోతున్నామని పాస్టరుగార్లు జనవరి అంతా ఫోన్లు చేశారు. మరుసటేడు పాల్ గారు అన్న మాట ప్రకారం బొమ్మలో పై మూడో వంతు వదిలి తెచ్చాడు. ఇక ఎన్నడూ తప్పలేదు. కెమెరాలోంచి చూసేటప్పుడే ఆ పై భాగం లేదనుకుని చూడటం అలవాటు చేసుకున్నాడట. "అది వాక్యానిదమ్మా. దాని దిక్కు నేను చూడ. కింది రెండొంతులే నాయి" అనేవాడు. నా పద్ధతి నాది. బొమ్మ రాగానే ఆ పై భాగాన్ని తెల్లగా వెలిసిపోయేట్టు చేసేదాన్ని. లేత మబ్బు తప్ప ఏమీ మిగలనిచ్చేదాన్ని కాదు. దాని మీద మెరూన్ రంగు అక్షరాలు వేస్తే చర్చిలో వెనక బెంచీ ముసలమ్మకు కూడా కనిపించేవి. ఈ పద్ధతి గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

పాల్ గారు ఏటా వెళ్లేది ఒకే కొండకు. ఉత్తరాన హిమాలయాల్లో మున్సియారి దాటాక రోడ్డు ఆగిపోయే ఒక ఊరు, ఆ ఊరికి ఎదురుగా ఆ కొండ. అక్కడి వాళ్లు దానికేదో పేరు పెట్టుకున్నారు. ఈయన మాత్రం 'పెద్దాయన' అంటాడు. ఒకసారి పాస్టర్ల సభకు గ్రూపు ఫొటోలు తీయడానికి అటు వెళ్లాడు. సభ అయిన సాయంత్రం తుఫాను పట్టుకుంది. అందరూ గదుల్లోకి పరిగెత్తితే ఈయన బయటికి పరిగెత్తాడు. మొదటి ఏడు నాకు తెచ్చిచ్చిన బొమ్మ అదే.

తర్వాత కూడా వెళ్లింది తుఫానుల్లోనే. జూన్ దాకా స్కూలు అడ్మిషన్ల ఫొటోలతో స్టూడియో కిటకిటలాడుతుంది. ఆగస్టుకు నాకు బొమ్మ చేతిలో ఉండాలి. మధ్యలో మిగిలేది జులై. జులైలో అక్కడ వానలు, గాలులు, పిడుగులు, కొండచరియలు విరిగి రోడ్డు మీద పడటాలు. కెమెరాకు సుల్తాన్ బజార్ చీరల కొట్టు ప్లాస్టిక్ కవరు తొడిగేవాడు. అద్దం తుడవడానికి భార్య డోరాగారి పాత నూలు చీర ముక్కలు తీసుకెళ్లేవాడు. స్టాండు గాలికి పడిపోకుండా దానికి రాళ్ల సంచి కట్టేవాడు. ఒక ఫొటో తీయడం, అద్దం తుడవడం, మళ్లీ ఒకటి తీయడం. చల్లటి కెమెరాను వెచ్చటి గదిలోకి తెస్తే అద్దానికి ఆవిరి పడుతుందని దాన్ని వరండాలోనే పడుకోబెట్టేవాడట. "మరి మీరు?" అంటే, "నేను గూడ దాని పక్కకే" అనేవాడు.

వాన పడే మధ్యాహ్నాల్లో రెండు కప్పుల చాయ్ పట్టించుకుని ప్రెస్సుకు వచ్చేవాడు. చెప్పడం మొదలుపెడితే నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయేవి.

"మబ్బు పైకెల్లి రాదమ్మా గాడ. కింద లోయలకెల్లి లేస్తది. ముందుగాల మన కాళ్లు కనబడకుంట పోతయ్. ఎనక చేతులు. జర సేపటికి మనం ఉన్నమో లేమో మనకే తెల్వదు. గప్పుడు ఉరుముతది. చెవులకు కాదు, కూసున్న రాయికెల్లి ఒంట్లకొస్తది. భయం గాదు. నిద్రలకు పోయే ముందట ఉంటది సూడు, గట్లుంటది."

బయట రేకుల మీద వాన. స్టేషన్లో ఏదో రైలు ఆలస్యమని మైకులో చెబుతుండేవాళ్లు. నా తెర మీద ఆ లోయ. గోల్కొండ మెట్లు తప్ప నేను ఏ కొండా ఎక్కినదాన్ని కాను. కానీ ఆ లోయలో ఏ రాయి పక్కన నీళ్లు జారతాయో, ఏ ఏడు ఏ చెట్టు పడిపోయిందో అడగండి, చెబుతాను. అన్నం తిన్నాక కళ్లు మూతలు పడుతుంటే నేను అక్కడే తిరిగేదాన్ని. పాదాలు తడిసినట్టు అనిపించి ఉలిక్కిపడి లేచిన రోజులున్నాయి. లేచి చూస్తే నాంపల్లి, ఎదురుగా సగంలో ఆపిన శుభలేఖ.

ఇన్నేళ్లలో పాల్ గారు పెద్దాయన శిఖరం చూడలేదు. ఒక్కసారి కూడా. భుజాల దాకా కనిపించడం, ఆ పైన మబ్బు మూసేయడం, అంతే. అక్కడ చాయ్ కొట్టు ముసలాయన ప్రతిసారీ వేలు పైకి చూపించి, "నువ్వు అనుకునే చోట కాదు, ఇంకా పైన" అంటాడట. పాల్ గారికి ఈ జన్మలో ఇంకే కోరికా ఉన్నట్టు నేను చూడలేదు. ఆ ఒక్కటే.

"అక్టోబరులో వెళ్లొచ్చుగా? తలుపు తీస్తే కనిపిస్తుందట కదా!" అని ఒకసారి కసిరాను.

"కనబడ్తది. అందరికి కనబడ్తది. పోస్టుకార్డు మీద గూడ కనబడ్తది."

"మరి బాధేమిటి?"

"తుఫాన్ల కనబడాలె నాకు. మబ్బు జర పక్కకు జరిపి, ఏం ఆనందూ, మళ్ల వచ్చినవా అన్నట్టు. తనంతట తాను."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం! "సరే, వెళ్లి కూర్చోండి వానలో" అన్నాను.

కరోనా ఏడాది తప్ప ఏ జులై మానలేదు. కిందటి డిసెంబరులో గుండెకు స్టెంటు పడింది. ఎత్తయిన చోట్లకు ఇక వెళ్లకూడదన్నారు డాక్టర్లు. డోరాగారు నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఆవిడ మాటకు ఇంట్లో తిరుగులేదు. ఆవిడే డాక్టరుతో మాట్లాడి, బండి దిగిన చోటు దాటి నడవనన్న షరతు మీద ఈ జులైకి ఒప్పించింది.

"పోనియ్యకపోతే మంచం మీద కూసొని కిటికిల మబ్బుల దిక్కే సూస్తడు వసూ," అంది నాతో. "ఒక్కసారి పోయిరాని. గిదే ఆఖరు. ఆయనతోని గూడ ఒట్టు పెట్టిచ్చుకున్న."

ఆఖరుసారి అని మా ముగ్గురికీ తెలుసు. ఆయన అక్కడున్న తొమ్మిది రోజులూ నేను కూడా ఫోన్లో అక్కడి వాతావరణం చూసుకుంటూ కూర్చున్నాను. మా అమ్మ పూజ గదిలో దీపం పెడుతుంటే, "ఆ పాల్ గారి కొండ కోసం కూడా చెప్పు" అన్నాను. "వాళ్ల కొండకు మన దేవుడెందుకే?" అంది గానీ చెప్పింది.

జులై ఆఖర్న వచ్చాడు. కెమెరా కార్డు నా బల్ల మీద పెట్టాడు.

"కనబడలే అమ్మా."

ఎనిమిదో రోజు సాయంత్రం తుఫాను వచ్చిందట. కళ్లజోడు నిండా నీళ్లు. కెమెరాలో ఏముందో కూడా తెలియలేదు. "చేతికి అలవాటు గద. నొక్కుకుంట పోయిన. ఎనక సూస్తే భుజాలు మంచిగొచ్చినయ్. వాక్యానికి జాగ గూడ బరాబర్ కుదిరింది."

"పోనీలెండి" అన్నాను. ఆయన తల వంచుకుని మెట్లు దిగి, వానలో గొడుగు తెరవకుండానే వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది.

మర్నాడు రాజేందర్ గారు నా కుర్చీ వెనక నిలబడ్డారు. "మేడం, గీసారి తెల్ల అక్షరాలు పెట్టున్రి. ఎనకాల నల్లగ ఉండాలె. ఫోన్లల్ల అందరు గట్లనే పంపిస్తున్రు."

ఇన్నేళ్ల పద్ధతి మార్చడమేమిటని గొణిగాను. యజమాని ఆయన, ఏం చేస్తాను? ఎప్పుడూ తెల్లబరిచే ఆ పై భాగాన్ని మొదటిసారి నల్లబరచడం మొదలుపెట్టాను. తెల్లటి మబ్బు బూడిద రంగుకు తిరిగింది. బూడిద ముదిరింది. అందులో ఒక గీత కనిపించింది. తెర మీద మరక అనుకుని కొంగుతో తుడిచాను. పోలేదు. ఇంకాస్త నల్లబరిచాను. గీతకు రెండో వైపు కూడా వచ్చింది. రెండూ పైకి వెళ్లి ఒక చోట కలిశాయి.

చాయ్ కొట్టు ముసలాయన చెప్పినట్టు, అనుకునే చోట కాదు. ఇంకా పైన. బొమ్మ అంచుకు బెత్తెడు కింద. అంత ఎత్తున ఒక కొండ ఉంటుందని ఎవరనుకుంటారు? మంచు, దాని మీద పక్క నుంచి పడిన కొద్దిపాటి వెలుగు, చుట్టూ తుఫాను. వాక్యం కోసం వదిలిన చోటులో, సరిగ్గా మధ్యలో, పెద్దాయన.

నేను కేక పెట్టానట. "ఏంది మేడం, కరెంటు కొట్టిందా?" అని రాజేందర్ గారు పరిగెత్తుకొచ్చారు. తెర చూసి ఆయన కూడా నోరు తెరిచారు.

ఆ సంతోషం ఐదు నిమిషాలు కూడా లేదు. ఒక అనుమానం వచ్చింది, ఇక అన్నం గిన్నె మూత తీయలేదు. పాత సీడీలు, హార్డ్ డిస్కు బయటికి లాగాను. పాల్ గారు ఇచ్చిన ఒరిజినల్ బొమ్మలన్నీ దాచాను, అందులో లోటు లేదు. ఒక్కొక్కటి తెరిచి పై భాగాన్ని నల్లబరుస్తూ వెళ్లాను. మబ్బు. మబ్బు. మబ్బు. రెండువేల పదకొండు క్యాలెండరు బొమ్మలో గీత వచ్చింది. పదహారులో వచ్చింది. పంతొమ్మిదిలో, ఇంతకన్నా స్పష్టంగా, శిఖరం మీద ఎగిరే మంచు పొడితో సహా.

మూడుసార్లు ఆ పెద్దాయన మబ్బు జరిపి పలకరించాడు. మూడుసార్లూ నేను ఆయన మొహాన తెల్ల రంగు పూసి, మీద మెరూన్ అక్షరాలు పేర్చాను.

ముందు పాల్ గారి మీద కోపం వచ్చింది. ఒక్కసారి ఆ పైకి చూస్తే ఏం పోయేది? కానీ చూడొద్దని నేర్పింది ఎవరు? మొదటి ఏడు నోరు పారేసుకున్నది ఎవరు?

"కొత్తది సూపియ్యిన్రి సాలు," అన్నారు రాజేందర్ గారు. "పాతయి చెప్పకున్రి మేడం. గుండె మనిషి. ఎందుకు తవ్వుడు?"

ఆ మాటా నిజమే అనిపించింది. పెన్ డ్రైవు పర్సులో వేసుకుని, స్టేషన్ రోడ్డు పట్టుకుని అబిడ్స్ వైపు నడిచాను. సన్నగా వాన. చెప్పొద్దు అనుకుంటూ సగం దూరం వెళ్లాను. మిగతా సగం, చెప్పకపోతే మళ్లీ ఏ మొహంతో ఆయన తెచ్చిన చాయ్ తాగుతాను అనుకుంటూ నడిచాను. మెట్లెక్కేసరికి చెప్పి తీరాలని తేల్చుకున్నాను.

డోరాగారు కౌంటరు దగ్గర ఫొటోలు కత్తిరిస్తోంది. "ఏందే వసూ, గింత తడిసినవ్?" అని తువ్వాలు అందించింది. గోడ మీద పదహారో సంవత్సరం క్యాలెండరు ఇంకా వేలాడుతోంది. గోడకు పట్టిన చెమ్మ కనబడకుండా దాన్ని తీయకుండా ఉంచేశారు. నేను అటు చూడలేకపోయాను.

పెన్ డ్రైవు పెట్టి, బొమ్మ తెరిచి, పాల్ గారిని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన కళ్లు అలవాటుగా కింది భాగం మీదికే పోయాయి. "గీ రాయి కాడ జర మసకొచ్చింది. నీళ్లు మంచిగనే వచ్చినయ్..." అంటూ కిందే తిరుగుతున్నాయి. పైకి రావే!

"పాల్ గారూ," అన్నాను. "గడ్డం జర పైకి."

తన మాట తనకే అప్పజెప్పానని నవ్వాడు. నవ్వుతూనే తలెత్తాడు.

నవ్వు ఆగిపోయింది. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. డోరాగారు కత్తెర చేతిలోనే పట్టుకుని వచ్చి వెనక నిలబడింది. కింద అబిడ్స్ ట్రాఫిక్ అంతా హారన్లు కొడుతోంది, మా ముగ్గురికీ వినిపించలేదు.

"ఔ," అన్నాడు. ఎవరు ఏమడిగారని! కాసేపటికి మళ్లీ, "ఔ."

అప్పుడు చెప్పేశాను. "ఇదొక్కటే కాదు పాల్ గారూ. ఇంతకు ముందు మూడుసార్లు వచ్చాడు. పదకొండు, పదహారు, పంతొమ్మిది. నేనే పూసేశాను. తిట్టండి నన్ను."

ఆయన తల గోడ వైపు తిరిగింది. లేచి పదహారో సంవత్సరం దగ్గరికి వెళ్లాడు. వెలిసిన తెలుపు, మెరూన్ అక్షరాలు, ఇంకేమీ లేదు అక్కడ. "యాడ?" అన్నాడు. రెండో వరుసలో మూడో మాట కింద వేలు పెట్టి చూపించాను. నా వేలు తీసిన చోట ఆయన అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నువ్వొక్కదానివే పూసినవా? జాగ ఇడిసిపెట్టింది నేను గాదా?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ గొంతులో బాధ లేదు. "మెదక్ల మా అక్క వంటింట్ల, ఎవరెవరి ఇండ్లల్లనో, సాలు పొడుగున ఉన్నడన్నట్టు. గాళ్లందరు రోజు పొద్దుగాల ఆయన దిక్కే సూసిన్రు. నేనే సూడలే."

"నేను గూడ తప్పు చేసిన," అంది డోరాగారు ఉన్నట్టుండి. "ఇన్నేండ్ల సంది నువ్వు తిరిగి రావాలనే ప్రార్థన చేసిన. ఆ కొండ కనబడాలని ఒక్కనాడు చెయ్యలే."

"గందుకే తిరిగొచ్చిన గదా" అన్నాడు ఆయన. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. నేను మాత్రం ఏడుపు ఒక్కటే చేశాను.

కాస్త తేరుకున్నాక ఆయనకు పని గుర్తొచ్చింది. "మరి ఈసారి వాక్యం యాడ పెడ్తవమ్మా?"

"కింద. రాళ్ల మీద."

"కింద నేను జాగ ఇడిసిపెట్టలే గద. అక్షరాలు చిన్నగైతయ్. ఎనక బెంచీల ముసలోళ్లకు కనబడయ్. మళ్ల ఫోన్లు చేస్తరు."

"చేయనివ్వండి. దగ్గరికొచ్చి చదువుకుంటారు. రాజేందర్ గారితో నేను మాట్లాడతాను."

మెట్ల మీద చప్పుడైంది. పాస్‌పోర్టు ఫొటో కోసం ఎవరో యువకుడు వచ్చాడు. డోరాగారు అతన్ని తెల్ల గుడ్డ ముందు స్టూలు మీద కూర్చోబెట్టింది. పాల్ గారు కళ్లు తుడుచుకుని కెమెరా వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. ఆయన చూపు ఆ అబ్బాయి తల దాటి, పైన ఖాళీగా ఉన్న తెల్ల గుడ్డ మీద ఆగిపోయింది.

ఆ అబ్బాయి కాసేపు ఓపిక పట్టాడు. "ఏం సార్, గడ్డం పైకి ఎత్తాల్నా?" అన్నాడు.

"వద్దు బిడ్డా. నువ్వు మంచిగనే ఉన్నవ్," అన్నాడు పాల్ గారు. "నేనే ఎత్తుతున్న."